తలకిందులైనా ఆగని ఇంజిన్

1940లో ఇంగ్లండ్ గగనతలంలో బ్రిటిష్ పైలట్లను ఒక చిక్కు వేధించింది. తరుముతున్న జర్మన్ విమానం ఉన్నట్టుండి ముక్కు వంచి కిందికి దూకేది. వెనకే స్పిట్‌ఫైర్‌నూ దూకిద్దామంటే ఇంజిన్ తడబడి గుక్కపట్టేది. తప్పంతా కార్బొరేటర్‌ది. అందులో పెట్రోలు చిన్న తొట్టిలో నిలిచి ఉంటుంది, దాని మట్టాన్ని ఫ్లోట్ చూసుకుంటుంది. విమానం చటుక్కున వంగితే ఆ పెట్రోలు తొట్టి పైకప్పుకు ఎగిరేది, ఆ వెంటనే అతిగా పెట్రోలు వచ్చి ఇంజిన్‌ను ముంచేది. జర్మన్ మెసర్‌ష్మిట్‌లలో తొట్టి గొడవే లేదు, పెట్రోలు నేరుగా సిలిండర్లలోకి చిమ్మేది.

దీనికి విరుగుడు కనిపెట్టింది ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనశాల ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 100 మైళ్లు దాటించి మోటార్‌సైకిల్ నడిపిన మనిషి ఆవిడ. సరిగ్గా సరిపడా పెట్రోలును మాత్రమే వెళ్లనిచ్చే రంధ్రమున్న చిన్న లోహపు బిళ్లను గొట్టంలో బిగించింది. 1941 మార్చి నాటికి బ్రిటన్ ఫైటర్ కమాండ్ అంతటా అది అమిరింది. ఉపశమనమే తప్ప రోగం పోలేదు. తలకిందులుగా ఎగిరితే ఇంజిన్ మళ్లీ మొరాయించేది.

నేలమీద ఇదే తిప్పలు చెట్లు కోసేవాళ్లకు ఉండేవి. తొలినాటి చైన్‌సాలలో ఇంజిన్ నిటారుగానే ఉండాలి కాబట్టి, పక్కకు కోయాలంటే రంపం ఉన్న భాగాన్ని విడిగా తిప్పి బిగించుకునేవారు. 1940ల చివర్లో అమెరికాలోని టొలీడో నగరపు టిల్లోట్‌సన్ లాంటి కంపెనీలు కార్బొరేటర్‌లో తొట్టినీ ఫ్లోట్‌నూ తీసేసి డయాఫ్రమ్ అనే పలచని పొర పెట్టాయి. ఈ రోజు చేత్తో పట్టుకుని ఆకులు ఊదే పెట్రోలు బ్లోయర్‌లోనూ, మన తోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టర్లు చాలావాటిలోనూ ఉన్నది దాని సంతానమే.

ఈ కార్బొరేటర్ అగ్గిపెట్టెంత దిమ్మ. లోపల రెండు పలచని పొరలు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ ఆడినప్పుడల్లా క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి తగ్గుతుంది, ఆ ఊపుకు మొదటి పొర అదిరి ట్యాంకు నుంచి పెట్రోలు తోడుతుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 100 సార్లు! రెండో పొరకు ఒకవైపు పెట్రోలు, మరోవైపు బయటి గాలి. ఇంజిన్ పెట్రోలును పీల్చుకోగానే ఆ గది ఒత్తిడి పడిపోతుంది, గాలి పొరను లోపలికి నెడుతుంది, పొర మీటను నొక్కుతుంది, మీట సూదిని లేపుతుంది, పెట్రోలు వస్తుంది. భూమ్యాకర్షణతో పనే లేదు.

కొంపముంచేవీ ఆ పొరలే. నెలల తరబడి పెట్రోలు ట్యాంకులో వదిలేస్తే జిగురు మిగులుతుంది. అందులో ఇథనాల్ ఉంటే చెమ్మ పీలుస్తుంది, పొర బిరుసెక్కుతుంది. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి ఇది ఇక్కడి బాధ కూడా.

చోక్ వేస్తే నడిచి, తీసి యాక్సిలరేటర్ నొక్కగానే ఆగిపోతే పెట్రోలు చాలడం లేదన్నమాట. అలాగని వెంటనే కార్బొరేటర్ మీద పడకూడదు. ముందు ట్యాంకులోని ఫిల్టర్, పగుళ్లిచ్చిన పైపు చూడాలి. అవి బాగుంటే అప్పుడు స్క్రూలు విప్పాలి. మంచి డయాఫ్రమ్ వేలితో నొక్కితే మెత్తగా ఒదుగుతుంది, పాడైనది ఎండుటాకులా కరకరలాడుతుంది. దాని వెనక చిటికెనవేలి గోరుకన్నా చిన్న జల్లెడ ఉంటుంది, సగం రోగం అక్కడే. పెట్రోలు వచ్చే సన్నని జెట్‌లోకి తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై కొత్త జబ్బు మొదలవుతుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టడమే మేలు. గ్యాస్కెట్, డయాఫ్రమ్ ఏది ముందో ఏది వెనకో విప్పేటప్పుడే ఫొటో తీసి పెట్టుకోవాలి.

కార్బొరేటర్ కొత్తది పూర్తిగా కొని బిగించడమే తేలికని చాలామంది అంటారు. థ్రాటిల్ ఇరుసు రంధ్రం అరిగి గాలి లాగుతున్నా, లోపల అల్యూమినియం తెల్లగా పొడిబారినా అది నిజమే. లేకపోతే కొత్త డయాఫ్రమ్, గ్యాస్కెట్ల కిట్‌తో పోయేదానికి దిమ్మనే పారేయడం నాకు దుబారాగా తోస్తుంది.

ఈ టూ స్ట్రోక్ ఇంజిన్లు కాలని పెట్రోలును పొగతో వదిలేస్తాయి. వృత్తి పనివాళ్లు వాడే బ్లోయర్ గంట నడిస్తే వచ్చే కాలుష్యం 1,100 మైళ్ల కారు ప్రయాణంతో సమానమని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి లెక్క. అందుకే 2024 మోడల్ నుంచి ఇలాంటి పెట్రోలు బ్లోయర్లు అక్కడ అమ్మకూడదన్నారు. ఇంట్లో ఉన్నవి వాడుకోవడానికి మాత్రం ఆ రూలు అడ్డు రాదు, డయాఫ్రమ్ కిట్లకు ఇంకొన్నేళ్లు గిరాకీ తప్పదు.