‘ఓవర్‌గ్రోన్’ తోటను తెలుగులో ఏమనాలి?

బెంగళూరు కాటన్‌పేటలో ఇంట తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు వాడే విద్యార్థులు ‘ఓవర్‌గ్రోన్ గార్డెన్’ను ‘అతిగా పెరిగిన తోట’ అని అనువదిస్తే అర్థం తప్పుతుంది. అక్కడ పెరిగింది తోట కాదు, కలుపు. ఆలనాపాలనా లేక పిచ్చిమొక్కలు అల్లుకున్నాయని ఆ మాటకు భావం. ఇటువంటిచోట క్రియాజన్య విశేషణం వాడమని మా సూచన: ‘కలుపు కమ్మిన తోట’, ‘పిచ్చిమొక్కలు అల్లుకున్న పెరడు’. చూసేవారే లేక చెడిందని చెప్పాలంటే ‘పాడుపడిన తోట’ అనవచ్చు. ‘బీడు’ మాత్రం సాగులేని పొలానికి వాడేమాట.

ఈ ‘పాడు’ కాటన్‌పేట వీధిలోనూ వినిపిస్తుంది. కన్నడంలో ‘హాళు’ దీనికి తోబుట్టువే. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, అక్కడ మాట మొదటి పకారం హకారమయింది. నిఘంటువు తెరిచేముందు వీధిలో విన్న మాటను ఒకసారి తలచుకుంటే, మరచిన తెలుగు మాట దొరకవచ్చు.