చెరువే నేలనిపించిన వేళ..
బాలయోగిని బలిగొన్నది మసక ఉదయమే

యానాం: యానాంలో బస్సెక్కి కోనసీమ వైపు వెళ్లాలంటే గౌతమి మీద బాలయోగి వారధి దాటాలి. వారధి పేరు అందరి నోటా ఉంది. ఆ పేరు గల మనిషి ఎలా పోయారన్నది మాత్రం నేటి కుర్రకారులో చాలామందికి తెలియకపోవచ్చు.

ఏటి అవతలి గట్టున ఉన్న ఎదుర్లంకే ఆయన సొంతూరు. గంటి మోహన చంద్ర బాలయోగి 1951 అక్టోబరు 1న పుట్టారు. లా చదివి వకీలయ్యారు, కొన్నాళ్లు మేజిస్ట్రేటుగా చేశారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడు, 1991లో అమలాపురం ఎంపీ అయ్యారు. 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు ఆయనే. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజున సభను నడిపిందీ ఆయనే.

ఆ ఆదివారం..

2002 మార్చి 3. పొద్దున్నే భీమవరం నుంచి హైదరాబాద్‌కు బయలుదేరారు. ఎక్కింది బెల్ 206 రకం చిన్న ప్రైవేటు హెలికాప్టర్. కాసేపటికే కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. బాలయోగితో పాటు పైలట్, అంగరక్షకుడు కూడా చనిపోయారు. ఆయన వయసు 50 ఏళ్లు.

యంత్రం చెడిందని ముందు అనుకున్నారు. చూపు సరిగా ఆనక, చెరువును గట్టి నేల అనుకుని పైలట్ దించబోయారని తర్వాత తేలింది.

కొల్లేటి చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఇది అర్థమవుతుంది. కనుచూపు మేరా చెరువులే. గాలి లేనప్పుడు నీళ్లు అద్దంలా ఉంటాయి. మసకలో పైనుంచి చూస్తే ఏది గట్టో, ఏది నీరో పోల్చుకోవడం కష్టం. ఇలాంటి చిన్న హెలికాప్టర్లు ఎక్కువగా పైలట్ కంటిచూపు మీదే ఎగురుతాయి. కన్ను మోసపోతే నేల ఎంత దూరంలో ఉందో తెలియదు.

మబ్బుల్లో మరికొందరు

అంతకు అయిదు నెలల ముందు, 2001 సెప్టెంబరు 30న, ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి దగ్గర చిన్న విమానం కూలి కేంద్ర మాజీ మంత్రి మాధవరావు సింధియా సహా 8 మంది చనిపోయారు. ఆ రోజూ వాతావరణం బాగోలేదు.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి రచ్చబండ కోసం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. నల్లమల మీద హెలికాప్టర్ జాడ తెలియకుండా పోయింది. మర్నాడు కొండ మీద శకలాలు దొరికాయి. అయిదుగురూ చనిపోయారు. చమురు పీడనం తగ్గిందన్న హెచ్చరిక మీదికి పైలట్ల దృష్టి మళ్లిందని, ఈలోగా వానమబ్బుల్లో చిక్కుకుని బలమైన కిందిగాలికి కూలిందని దర్యాప్తు సంఘం చెప్పింది.

2011 ఏప్రిల్ 30న అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూను కూడా కొండల్లో హెలికాప్టరే బలిగొంది.

ఆగితే పోయేదేముంది?

నాయకుడికి తీరిక ఉండదు. అవతల జనం ఎదురుచూస్తుంటారు. ‘ఇప్పుడు వద్దండీ’ అని పెద్దమనిషితో అనడం పైలట్‌కు అంత తేలిక కాదు. అందుకే ఆ మాట అనే హక్కు అతనికి పూర్తిగా ఉండాలి. విన్నవాళ్లు చిన్నబుచ్చుకోకూడదు.

గోదావరి వాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. ఒడ్డు కనపడనంత మంచు పడితే పడవ కట్టేసి ఆగమంటారు పెద్దలు. రేవులో ఎంత పెద్దమనిషి ఉన్నా సరే. పొద్దెక్కితే మంచు తనే విడుతుంది.

బాలయోగి స్థానంలో 2002లోనే ఆయన భార్య విజయకుమారి ఎంపీగా గెలిచారు. 2024లో అదే అమలాపురం నుంచి కొడుకు హరీష్ మాధుర్ లోక్‌సభకు వెళ్లారు. కుటుంబం నిలదొక్కుకుంది. కానీ ఎదుర్లంక నుంచి స్పీకర్ కుర్చీ దాకా ఎదిగిన మనిషి మాత్రం మళ్లీ రాడు. ఆ పొద్దున్న ఒక్క గంట ఆగి ఉంటే.. అని ఈ గట్టునా, ఆ గట్టునా అనుకోని పెద్దవాళ్లు ఉండరు.