వీసా వచ్చింది, టీకా కాగితం ఏది?

ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఊళ్లలో ఎవరింటి బిడ్డయినా అమెరికా చదువుకు బయల్దేరుతుంటే ముందు డబ్బు మాట వస్తుంది. బ్యాంకు లోను, పొలం కాగితాలు, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20, వీసా స్లాటు. ఒక్కొక్కటీ కుదిరి టికెట్టు కొన్నాక, విశ్వవిద్యాలయం ఎప్పుడో పంపిన మెయిల్లో ఒక ఫారం కంటపడుతుంది. చిన్నప్పటినుంచి ఏ టీకా ఏ తేదీన వేయించుకున్నారో రాసి, డాక్టరు సంతకం, ముద్ర వేయించి పంపమంటుంది. అప్పటికి ప్రయాణం పది రోజుల్లో ఉంటుంది. రెండు సూదుల మధ్య నాలుగు వారాలు ఆగాలని కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇందులో పిల్లల నిర్లక్ష్యం పెద్దగా లేదు. మన కాలేజీలు టీసీ అడుగుతాయి, స్టడీ సర్టిఫికెట్ అడుగుతాయి, కులం, ఆదాయం కాగితాలు అడుగుతాయి. ఐఐటీల వంటివి డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మంటాయి. చిన్నప్పటి టీకాల లెక్క అడిగే అలవాటు ఇక్కడ తక్కువ. అమెరికా కాన్సులేట్‌లో విద్యార్థి వీసా ఇంటర్వ్యూ చేసే అధికారి కూడా టీకాల ఊసెత్తడు. శాశ్వత నివాసానికి వెళ్లేవాళ్లకే అక్కడ వైద్య పరీక్ష తప్పనిసరి. అందుకే వీసా చేతికొస్తే అన్నీ అయిపోయినట్టేనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. టీకాలు అడిగేది విశ్వవిద్యాలయం. కాగితం ఇవ్వకపోతే చాలాచోట్ల ఆ విద్యార్థి రిజిస్ట్రేషన్‌ను ఆపేస్తారు. కోర్సు ఎంచుకోనివ్వరు, లేదా రెండో సెమిస్టర్‌కు నమోదు కానివ్వరు.

2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వాళ్లలో తెలుగువాళ్లు ఎంత ఎక్కువో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. డాలస్, డెంటన్, ఆర్లింగ్టన్, హ్యూస్టన్ పేర్లు వింజమూరు బస్టాండులోనూ వినిపిస్తాయి. ఈ నాలుగూ టెక్సస్‌లోవే. విద్యార్థుల మెనింజైటిస్ టీకా విషయంలో గట్టి చట్టమున్న రాష్ట్రాల్లో టెక్సస్ ఒకటి. ఆ చట్టం వెనుక ఇద్దరు విద్యార్థుల కథ ఉంది.

2008 నవంబరులో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న జేమీ షాన్‌బామ్ అనే అమ్మాయికి, మెదడు పొరలకు వాపు తెచ్చే మెనింజైటిస్ బ్యాక్టీరియా సోకి రక్తంలోకి పాకింది. ప్రాణం దక్కింది గాని రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసేయాల్సి వచ్చింది, చేతివేళ్లు పోయాయి. మరుసటి ఏడాది ఆమె, ఆమె కుటుంబం పట్టుబట్టి, హాస్టళ్లలో ఉండే కొత్త విద్యార్థులకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి చేయించారు. 2011 ఫిబ్రవరిలో టెక్సస్ ఏ అండ్ ఎం విద్యార్థి నికోలిస్ విలియమ్స్ ఇదే జబ్బుతో చనిపోయాడు. అతను హాస్టల్లో ఉండేవాడు కాదు కాబట్టి చట్టం అతనికి వర్తించలేదు. దాంతో బయట గదుల్లో ఉండేవాళ్లకు కూడా నిబంధన విస్తరించి, 2012 జనవరి నుంచి అమలు చేశారు. ఆ చట్టానికి వీళ్లిద్దరి పేర్లే పెట్టారు. ఇప్పుడది 22 ఏళ్లలోపు వాళ్లకు వర్తిస్తుంది. టీకా గత అయిదేళ్లలోపు వేయించుకుని ఉండాలి, సెమిస్టర్ మొదలయ్యేనాటికి కనీసం పది రోజుల ముందు పూర్తవ్వాలి. బీటెక్ ముగించుకుని ఎం.ఎస్.కు వెళ్లే మన పిల్లల వయసు సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటుంది కాబట్టి పుట్టినరోజు చూసుకోవాలి. ఇంటర్ అయ్యాక నేరుగా డిగ్రీకి వెళ్లేవాళ్లకు వయసు మినహాయింపు దొరకదు.

తట్టు టీకా నిబంధన వెనుక కథ ఇంకా పాతది. 1985లో ఇల్లినాయి రాష్ట్రంలోని ప్రిన్సిపియా కాలేజీలో తట్టు ప్రబలి వందమందికి పైగా జబ్బు పడ్డారు, ముగ్గురు చనిపోయారు. మత విశ్వాసం వల్ల ఆ విద్యార్థుల్లో చాలామంది టీకాకు దూరంగా ఉన్నారు. 1989 నుంచి 1991 దాకా దేశమంతా 55 వేలకు పైగా కేసులు వచ్చి, 120 మందికి పైగా మరణించారు. ఒక్క డోసు చాలదని, రెండు వేయాలని అక్కడి నిపుణులు సిఫార్సు చేసింది ఆ రోజుల్లోనే. 2000లో తట్టును దేశం నుంచి తరిమేశామని ప్రకటించిన అమెరికాలోనే 2025లో పడమటి టెక్సస్‌లో ఏడు వందలకు పైగా కేసులు నమోదై, ఇద్దరు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఒకే గదిలో నలుగురు, ఒకే తరగతిలో వందమంది కూర్చునేచోట తట్టుకు టీకా తప్ప అడ్డుకట్ట లేదు. కాబట్టి ఈ నిబంధనను పరాయివాళ్ల మీద పెట్టిన ఆంక్షగా చూడటం సరికాదు. అమెరికా పిల్లలూ అదే ఫారం నింపుతారు.

ఇక మన పిల్లల దగ్గర ఏముంది, ఏం లేదు? చిక్కంతా ఇక్కడే ఉంది.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో దాదాపు అన్నీ అడిగేది ఎంఎంఆర్. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా, రెండు డోసులు. మర్రిపాడులోనో సీతారామపురంలోనో 2005 ప్రాంతంలో పుట్టిన పిల్లవాణ్ణి తీసుకుందాం. తొమ్మిదో నెల దాటాక ఏఎన్ఎం తట్టు టీకా ఒకటి వేసి ఉంటుంది. రెండో డోసు ప్రభుత్వ కార్యక్రమంలోకి 2010లో వచ్చింది. అది ఏడాదిన్నర పిల్లలకు ఉద్దేశించింది, అప్పటికి వీడికి అయిదేళ్లు. తర్వాత 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల్లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్లలోపు పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా వేశారు. బడిలో వరసగా నిలబెట్టి వేసిన ఆ సూది ఈ తరం పిల్లలకు బాగానే గుర్తుండాలి. అంటే తట్టుకు రెండు, రుబెల్లాకు ఒకటి పడ్డాయి. గవదబిళ్లలకు మాత్రం ఒక్కటీ పడలేదు. ప్రభుత్వ టీకాల జాబితాలో గవదబిళ్లలకు చోటు లేదు. నెల్లూరులో ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర టీకాలు వేయించిన ఇళ్లలో ఎంఎంఆర్ పడి ఉండొచ్చు. ఊరి ఆరోగ్య ఉపకేంద్రాన్ని నమ్ముకున్న పల్లె పిల్లలకు అది పడలేదు. అన్ని సూదులూ సక్రమంగా వేయించిన తల్లి, ‘మావాడికి అన్నీ వేయించామమ్మా’ అని చెబితే అది నిజమే. ఫారంలో మాత్రం గడి ఖాళీగానే ఉంటుంది.

ఆటలమ్మ టీకా కూడా ప్రభుత్వ జాబితాలో లేదు. మన పల్లెల్లో చాలామందికి చిన్నప్పుడే అమ్మవారు పోసి ఉంటుంది. వేపాకు పరిచి పడుకోబెట్టి, తగ్గాక వేపాకు నీళ్లు పోసి, గుడికి వెళ్లి వస్తారు. డాక్టరు చూడడు, కాగితం పుట్టదు. అలాంటివాళ్లు రక్త పరీక్ష చేయించుకుంటే ఒంట్లో రక్షణ ఉందో లేదో తేలిపోతుంది. ఐజీజీ పరీక్ష అంటారు. చాలా విశ్వవిద్యాలయాలు ఆ రిపోర్టును టీకాతో సమానంగా తీసుకుంటాయి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కూడా ఈ దారి ఉంది. అయితే ఒక్కదానికి రక్షణ లేదని వచ్చినా మళ్లీ టీకానే గతి. ఇదివరకు పడిన టీకా ఇంకోసారి పడితే ఆరోగ్యవంతులకు నష్టం లేదు. సమయం తక్కువగా ఉన్నప్పుడు పరీక్షల కోసం తిరిగేకన్నా నేరుగా సూది వేయించుకోవడమే మేలు.

పది, పదహారేళ్ల వయసులో వేసే టీడీ సూది ధనుర్వాతానికి, కంఠసర్పికి. అమెరికావాళ్లు అడిగే టీడాప్‌లో కోరింత దగ్గు టీకా అదనంగా ఉంటుంది. పేర్లు ఒకేలా ఉన్నాయని ఒకదాని గడిలో ఇంకోటి రాస్తే ఫారం వెనక్కి వస్తుంది. హెపటైటిస్ బి మాత్రం మనకు కలిసొచ్చింది. చాలా రాష్ట్రాల కంటే ముందే, 2003 ప్రాంతంలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని పసిపిల్లలకు వేయడం మొదలుపెట్టారు. ఆ టీకా పడని పెద్దవాళ్లకు మూడు డోసుల కోర్సు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. కొన్ని డోసులు ఇక్కడ వేయించుకుని మిగిలినవి అక్కడ వేయించుకోవచ్చు.

అందరినీ కంగారుపెట్టేది టీబీ పరీక్ష. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి మన విద్యార్థులను ఈ పరీక్ష అడగడం మామూలే. మోచేతి కింద చర్మంలోకి సూది వేసి, రెండు మూడు రోజులకు వాపు కొలిచేది మాంటూ పరీక్ష. పుట్టగానే వేసిన టీబీ టీకా బీసీజీ వల్ల జబ్బు లేకపోయినా అందులో వాపు రావచ్చు. ఇగ్రా అనే రక్త పరీక్షకు ఆ ఇబ్బంది లేదు. విశ్వవిద్యాలయం ఏది ఒప్పుకుంటుందో, ఇక్కడ చేయించింది చెల్లుతుందో లేదో ముందే చదువుకోవాలి. పాజిటివ్ అని వస్తే సీటు పోయిందని ఏడవాల్సిన పనిలేదు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అది శుభ్రంగా ఉంటే క్రిములు నిద్రాణంగా ఉన్నాయని అర్థం. అలాంటివాళ్ల నుంచి జబ్బు ఇతరులకు అంటదు. అది ముందుముందు బయటపడకుండా కొన్ని నెలలు మందులు వాడమంటారు. దీన్ని ఊళ్లో దాచిపెట్టాల్సిన అవసరం లేదు, పిల్లవాడికి చెప్పకుండా ఉండటం ఇంకా ప్రమాదం.

వరస కూడా ముఖ్యమే. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు బతికున్న, బలహీనపరచిన వైరస్‌తో చేసేవి. రెండూ ఒకే రోజు వేయించుకోవచ్చు. లేకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి. మాంటూ పరీక్ష ఎంఎంఆర్ కన్నా ముందుగానో అదే రోజునో చేయించాలి. తర్వాతైతే కనీసం నాలుగు వారాలు ఆగాలి, లేదంటే ఫలితం తప్పుగా రావచ్చు. పెళ్లయి వెళ్లే అమ్మాయిలు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. గర్భంతో ఉంటే ఈ టీకాలు వేయరు, వేయించుకున్నాక నెల రోజుల దాకా గర్భం రాకూడదు. ఆగస్టులో తరగతులంటే మొదటి సూది మే దాటకుండా పడాలి.

మే అంటే ఉదయగిరి ఎండలు. టీకా మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి. నెల్లూరులో సీసా కొని సంచిలో వేసుకుని, వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఆర్టీసీ బస్సులో వచ్చి ఊళ్లో వేయించుకుంటే ఆ మందులో సత్తువ మిగలదు. నిల్వ ఉన్నచోటే సూది వేయించుకోవాలి. మెనింజైటిస్, టీడాప్ టీకాలు అందరి దగ్గరా ఉండవు కాబట్టి ముందుగా ఫోన్ చేసి తెప్పించమని అడిగి బస్సెక్కాలి.

కాగితం రాయించుకోవడంలో మరో జాగ్రత్త ఉంది. పసిపిల్ల కార్డు మీద పేరుండదు, ఫలానా ఆమె బిడ్డ అని ఉంటుంది. అమెరికావాళ్లకు అది ఎవరిదో తెలియదు. పాత కార్డు చూపించి, పాస్‌పోర్టులో ఉన్న పేరు, పుట్టిన తేదీతో ఇంగ్లీషులో కొత్త సర్టిఫికెట్ రాయించుకోవాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండాలి. తేదీలో నెలను అంకెగా కాకుండా పేరుగా రాయమనాలి. మనం 07-08 అని రాస్తే ఆగస్టు ఏడు, అక్కడివాళ్లు జులై ఎనిమిది అని చదువుతారు. రెండు డోసుల మధ్య 28 రోజులు లేవని ఫారం తిరస్కరించడానికి ఆ ఒక్క పొరపాటు చాలు.

కాగితం విలువ 2021 వేసవిలో దేశమంతటికీ తెలిసొచ్చింది. కోవిడ్ టీకా కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య అప్పట్లో 84 రోజుల గడువు ఉండేది. విదేశీ చదువులకు వెళ్లేవాళ్లకు 28 రోజులకే రెండో డోసు ఇవ్వొచ్చని, సర్టిఫికెట్‌పై పాస్‌పోర్టు నంబరు వేయాలని కేంద్రం జూన్‌లో ఉత్తర్వులిచ్చింది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో ఇలాంటి విద్యార్థులకు ప్రత్యేకంగా టీకాలు వేశారు. హైదరాబాద్‌లోనే తయారైన కోవాగ్జిన్ వేయించుకున్నవాళ్లు మాత్రం ఇరుకున పడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి గుర్తింపు ఇచ్చింది నవంబరు 3న. అప్పటికి ఆగస్టు తరగతులు మొదలై రెండు నెలలు దాటింది.

మిగతా దేశాల పద్ధతి వేరు. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించి ఉండే మన విద్యార్థులు వీసాకు ముందే, అక్కడి ప్రభుత్వం ఆమోదించిన క్లినిక్‌లో టీబీ పరీక్ష చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. కెనడా, ఆస్ట్రేలియాలకైతే ఆ ప్రభుత్వాలు నియమించిన డాక్టర్ల దగ్గరే వైద్య పరీక్ష జరగాలి. ఊరి డాక్టరు ఇచ్చింది పనికిరాదు. ఎంబీబీఎస్ కోసం రష్యా వెళ్లేవాళ్లను హెచ్ఐవీ పరీక్ష సర్టిఫికెట్ అడుగుతారు.

ఇప్పుడు పుడుతున్న బిడ్డల టీకాలు యూ-విన్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదవుతున్నాయి. రేపు వాళ్లకు ఈ తిప్పలు తగ్గవచ్చు. ఇప్పటి ఇరవై ఏళ్ల పిల్లలకు మిగిలింది బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో ఉన్న ఆ మడతల కార్డు, ఉపకేంద్రంలోని పాత రిజిస్టరు మాత్రమే. వచ్చే ఏడాది పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులు ఈ వారమే ఆ కార్డు వెతికి, రెండు వైపులా ఫోటో తీసి పిల్లల ఫోనుకు పంపండి. దొరక్కపోతే బుధవారమో శనివారమో టీకాలు వేసే వేళకు వెళ్లి ఏఎన్ఎంను పాత రిజిస్టరు చూడమని అడగండి. ఆమె దగ్గరా లేకపోతే దిగులు పడకుండా, ఎంఎంఆర్ మొదటి డోసు వేయించి తేదీ రాయించుకోండి.