చెవికడ నారిపోవు తెర

మేము అమీర్‌పేటలో కాపురముందుము. మా అత్తగారి నివాసము పంజాగుట్ట. గత మాసమున ఆమె ఫోను తెరకు అమీర్‌పేట కాలిబాటపై నొక గాజుపలక నంటింపించితిమి. నాటినుండి ఎవరిని పిలిచినను తెర నల్లబడును. చెవినుండి తీసినను వెలుగదు. ఒక రాత్రి ఆమెకు ఆయాసము వచ్చి మమ్ము పిలిచిరి. మేము నిద్రలో నుండి పలుకలేదు. ఆ పిలుపు నాపి పొరుగువారిని పిలువబోయిన, తెర చీకటియే. తలుపు తట్టి పొరుగువారిని లేపుకొనవలసి వచ్చెను. మరునాడొక దుకాణమువారు తెర మొత్తము మార్చవలెననిరి. సొమ్మిచ్చుటకు ముందు, అసలు తెర యేల ఆరునో తెలిసికొనదలచితిమి.

ఫోను పైభాగమున, చెవి కానించు చోట, ఒక చిన్న దీపమును, వెలుతురును పసిగట్టు చిన్న కన్నును ప్రక్కప్రక్కన నుండును. దీనినే సెన్సారు అందురు. ఆ దీపపు కాంతి మనకు కానరాదు. అవి పరారుణ కిరణములు. 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముచే రంగులుగా విడదీసి, ఎరుపునకు ఆవల, ఏ రంగును లేనిచోట ఉష్ణమాపకము నుంచగా, అచ్చట వేడిమి హెచ్చుగా గనబడెను. అట్లు ఈ కిరణములు తెలియవచ్చినవి. మన టీవీ రిమోటు పనిచేయునదియు వీనితోనే.

ఫోనులో మాటలాడునపుడు ఆ దీపము మాటిమాటికి మిణుకుమనుచుండును. చెంప చేరువైనపుడు కిరణములు దానిని తాకి మరలివచ్చి కన్నుపై బడును. చీకటిలో గోడకు దగ్గరగా దీపము పట్టిన గోడ బాగుగా వెలుగును, దూరముగా పట్టిన మసకబారును గదా! అటులనే తిరిగివచ్చు కాంతి ఒక మేర మించినంతనే, చెంప చేరినదని ఫోను గ్రహించి తెర నార్పి, తాకిడిని లెక్కచేయకుండును. లేనిచో చెంప తగిలి మాట తెగిపోవును, బ్యాటరీయు వృథాయగును. నల్లని జుట్టు ఈ కిరణములను కొంత మ్రింగివేయును గనుక, కురులు అడ్డుపడినపుడు తెర ఆరకపోవుటయు కలదు.

ఇక మా చిక్కు. గాజుపలక అంచు సెన్సారుపైకి వచ్చి, దాని క్రింద ధూళి చేరినది. కిరణములు చెంపదాక పోకయే ఆ ధూళిని తాకి మరలుచుండుటచే, ఫోను ఎల్లప్పుడు చెవికడ నున్నట్లే భ్రమించినది. పలక నూడదీసి మెత్తని పొడిగుడ్డతో తుడిచితిమి. తెర యథాప్రకారము వెలిగినది. కానియైనను ఖర్చు కాలేదు.

సోదరీమణులారా! మీ యింట నిట్లు జరిగిన, ముందుగా ఎవరికైన ఫోను చేసి, పైభాగమును అరచేత కప్పి తీసి చూడుడు. కప్పిన ఆరి, తీసిన వెలిగెనేని సెన్సారు బాగున్నట్లే. వెలుగకున్న, పలకను తీసి తుడిచి మరల చూడుడు. క్రొత్త పలక కొనునపుడు సెన్సారు చోటు కప్పనిదానినే కొనుడు. పెక్కు ఆండ్రాయిడ్ ఫోనులలో ప్రక్కమీట నొక్కిన పిలుపు ముగియునట్లు సెట్టింగులలో అమర్చుకొనవచ్చును. ఒంటరిగా నుండు పెద్దల ఫోనులలో ఈ యేర్పాటు నేడే చేసి, వారిచేత నొకమారు నొక్కించి చూడుడు. మా అత్తగారి ఫోనులో మేము చేసితిమి.