ఇల్లాలి యెఱుకయు ఇల్లాలి యధికారమును

కృష్ణకు కుడిగట్టున, తెనాలికి తూర్పుదెసను, అరటి, పసుపు, కంద తోటల నడుమ కొల్లూరు గ్రామమున్నది. కోహినూరు వజ్రము దొరకినదని చెప్పబడు కొల్లూరు ఇది కాదు. అది పల్నాటి దిక్కునది, పులిచింతల జలాశయమున మునిగినది. ఈ కొల్లూరున వజ్రపు గనులు లేవు. ఇచ్చటి ధనమంతయు లంకమట్టిలో నున్నది. కలుపు తీసి, పసుపు వండి, గెలలు మోసి ఆ ధనమును పైకి దెచ్చువారిలో స్త్రీలు తక్కువవారు కారు. 2022 ఏప్రిల్ వఱకు గుంటూరు జిల్లాలో నుండి, పిదప బాపట్ల జిల్లాలో చేరిన యీ ప్రాంతమును మేము నేడు ప్రస్తావించుట పంటలను గూర్చి గాదు. నలుగురిలో పేరెత్తుటకు మనము సంకోచించు ఎయిడ్సు వ్యాధిని గూర్చియు, ఆ సంకోచమునకు మూల్యము చెల్లించుచున్న యిల్లాండ్రను గూర్చియు నాలుగు మాటలు వ్రాయ నుద్దేశించితిమి.

హెచ్.ఐ.వి. క్రిమి మన దేశమున మొదట బయటపడినది 1986లో, మదరాసు నగరమున, డాక్టరు సునీతి సాల్మన్ గారి పర్యవేక్షణమున జరిగిన నెత్తురు పరీక్షలయందు. పిమ్మట ఇరువదియేండ్లు నిండకమునుపే ఆంధ్రదేశము ఈ వ్యాధికి పేరుమోసినది; గుంటూరు జిల్లా ముందు వరుసలో లెక్కింపబడెను. 2004-05లో డాక్టరు లలిత్ దండోనా మొదలగు పరిశోధకులు ఆ జిల్లాలో ఎంచిన యూళ్లయందును వాడలయందును ఇల్లిల్లు దిరిగి, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల 12,617 మందిని పరీక్షించిరి. నూటికి 1.72 వంతున వ్యాధి కానవచ్చెను. ఆ పరీక్షను బట్టి జిల్లాలో ఆ వయస్సు రోగులు సుమారు 45,900 మంది యని తేలగా, ఆసుపత్రుల లెక్కలనుబట్టి వాడుక చొప్పున గణించినచో 1,12,600 మంది యని వచ్చుచుండెను! రెండున్నర రెట్ల వ్యత్యాసము. ఇట్టి ఇంటింటి పరీక్షల ఫలముగనే 2007లో దేశమంతటి రోగుల యంచనా సగమునకు తగ్గి, 25 లక్షలకు దిగినది.

ఈ పొరపాటెట్లు వచ్చెనో పాఠకులు గమనింపవలయును. ప్రభుత్వాసుపత్రికి పోవువారు పేదలు. కలిగినవారు వేఱుచోట వైద్యము పొందుదురు. వ్యాధి గలదని యనుమానము తోచిన రోగిని ప్రైవేటు వైద్యులును ప్రభుత్వాసుపత్రికే పంపుచుండిరి. అచ్చటికి వచ్చిన గర్భిణుల నెత్తురును బట్టి జిల్లా యంతటిని తూచిరి. పేదరాలి దేహము దేశమునకు త్రాసైనది. కాని ఆ త్రాసులో ఆమె కష్టమును తూచినవారు లేరు. పేదరికమే యీ వ్యాధికి కారణమని మేము చెప్పబోము. క్రిమి కులమును జూడదు, కాసును జూడదు. అయినను ఆ క్రిమి సోకకమునుపు జాగ్రత్తపడు శక్తియు, సోకిన పిమ్మట నిలదొక్కుకొను శక్తియు కాసునుబట్టియే యుండును.

ఆ లెక్కలలో మఱియొక సంగతి గలదు. వ్యాధి పురుషులలో నూటికి 1.74, స్త్రీలలో 1.70. దాదాపు సమము. పరస్త్రీసాంగత్యము పురుషులలోవలె గృహిణులలో వ్యాపించియున్నదని గుంటూరు మండలమును ఎఱిగినవా రెవరును అనరు. అట్లయిన ఈ సమానత యెక్కడిది? మదరాసులో వై.ఆర్.జి. కేర్ సంస్థకు వచ్చిన రోగిణులను విచారించి 2000లో ప్రకటించిన పరిశోధనము దీనికి సమాధానము చెప్పినది: వారిలో నూటికి 80 మందికి పైగా గృహిణులు, భర్తను దప్ప నన్యు నెఱుగనివారే యధికులు. పాతివ్రత్యమును గూర్చి పురాణశ్రవణము చేయించు సమాజమునకు ఇంతకంటె కఠినమైన ప్రత్యుత్తర ముండబోదు. ఏ ధర్మము తమ్ము గాపాడునని వీరికి బోధింపబడెనో, ఆ ధర్మమును పాటించుచునే వీరు రోగగ్రస్తలైరి.

పాతికేండ్ల నాటి మాట. పులిరాజా యను కల్పిత పురుషుని పేర రాష్ట్రమందలి గోడలన్నిటిమీదను ప్రకటనలు వెలసినవి. అతనికి ఎయిడ్సు వచ్చునా రాదా యని ఊరూర చర్చలు సాగినవి; పిల్లలు సైతము పరాచికములాడిరి. వ్యాధి పేరును జనుల నోటికి దెచ్చిన ప్రచారమది; దానిని మేము నిందింపము. కాని పులిరాజాను గూర్చి రాష్ట్రమంతయు యోచించినప్పుడు, పులిరాజా భార్యను గూర్చి గోడమీద నొక్క పంక్తియు లేకపోయెను. లారీ డ్రైవరులకు బోధ జరిగెను. వృత్తిస్త్రీలు సంఘములుగా నేర్పడి తమ్ము దాము కాపాడుకొన నేర్చిరి, అది మెచ్చదగినది. ఇంటిలోని స్త్రీకి మాత్రము భయము లేదని యందఱును తలచిరి.

ఇక నెఱుక మాట. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము, ఈ వ్యాధిని గూర్చి సమగ్రమైన తెలివిడి గలవారు దేశమున స్త్రీలలో నూటికి 21.6, పురుషులలో 30.7. తొడుగు వాడినచో వ్యాధి సోకు నవకాశము తగ్గునని యెఱిగినవారు స్త్రీలలో 68.4, పురుషులలో 82. ఈ రెండు జతల సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. తొడుగు సంగతి మూడింట రెండువంతుల స్త్రీలకు తెలియును. అయినను పూర్తి తెలివిడి గలవారు అయిదింట నొకవంతు. దోమకాటువలన వచ్చునేమో, కలిసి భుజించినచో వచ్చునేమో, చూచుటకు పుష్టిగా నున్నవానికి ఉండదేమో యను భ్రమలు తక్కినవారిని వదలలేదు. ఈ మూడవ భ్రమయే గృహిణికి మిక్కిలి హానికరము. పెనిమిటి బలిష్ఠుడై పొలము పని చేయుచుండగా అనుమానించుట కామెకు హేతు వేమి యుండును?

చదువు కలిగినచోట ఈ యెఱుక పెరుగును, కలిమి కలిగినచోటను పెరుగును. ఇది యన్ని పరిశీలనములలోను కానవచ్చు నంశము గనుక దానిపై నెక్కువ వ్రాయము. ఎఱుక గలిగిన స్త్రీ దానిని ఆచరణమున బెట్టగలదా యనునదే మా ప్రశ్న. ఇచ్చట మన యాంధ్రదేశమునకు ప్రత్యేకమైన చిక్కొకటి యున్నది. అదే పరిశీలనము ప్రకారము మన రాష్ట్రమున వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది బిడ్డలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. తొడుగు వాడు దంపతులు నూటి కొక్కరైనను లేరు. ఇరువదియైదేండ్లు నిండకమునుపే ఇద్దఱు బిడ్డలను గని, ఆపరేషను చేయించుకొని యింటికి వచ్చు పడుచులు మన పల్లెలలో నెందఱో కలరు. 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిది నిండకయే పెండ్లియైనదని ఆ పరిశీలనమే చెప్పుచున్నది గదా. 1968లో నిరోధ్ పేర ప్రభుత్వము తొడుగును చౌకగా నమ్మ మొదలిడినది కుటుంబ నియంత్రణము కొఱకు. ఆపరేషనైన యింటిలో ఆ ప్రయోజనము తీఱినది. ఇక నాపె తొడుగు కావలెనని యడిగినచో దాని కర్థ మొక్కటే: నీమీద నాకు నమ్మకము లేదని. లేదా, అంతకంటె ప్రమాదకరముగా, నామీద నీకు నమ్మకముండనక్కఱలేదని. ఈ మాట నోటవచ్చిన రాత్రి ఏమగునో చెప్పనేల? దేశమున వివాహితలలో నూటికి 29 మంది భర్తచేతి హింస నెఱిగినవారని ప్రభుత్వపు లెక్కయే చాటుచున్నది.

దారిద్ర్యము, స్వాతంత్ర్యము అను రెండును ఒకే త్రాటిమీద నడచునని కొందఱు భావింతురు. కలిమి పెరిగినకొలది స్త్రీకి స్వేచ్ఛ పెరుగునని వారి యూహ. కృష్ణా డెల్టాలో పదిరోజు లుండి చూచినవారి కీ యూహ నిలువదు. కూలికిపోవు స్త్రీ తెల్లవారుజామున ముఠాతో గలిసి లంకకు బోవును, సంతకు బోవును, తెనాలికి బస్సెక్కి పోవును. ఆమె నెవ్వరు నడ్డగింపరు. కాని గోడమీది ప్రకటన యామె చదువలేదు. ఒకనాడు ఆసుపత్రికి బోయినచో ఆనాటి కూలి పోవును. తెచ్చిన కూలి తన చేత నిలుచుననియు లేదు. మోతుబరి రైతు భార్య చదువుకొన్నది, ఇంట టీవీ గలదు, సంగతులన్నియు నెఱుగును. అయిన నత్తగారి యనుమతి లేక గడప దాటుట ఆమెకు మర్యాద కాదు. ఊరి ఆరోగ్యకేంద్రమునకు బోయి నెత్తురు పరీక్ష చేయుమనుట యసలే కాదు. అంగడికి, ఆసుపత్రికి, పొరుగూరికి ఒంటరిగా బోగల స్త్రీలు దేశమున నూటికి 42 మంది మాత్రమే యని 2019-21 లెక్క. ఒకామెకు కాళ్లున్నవి, కన్నులు లేవు; ఒకామెకు కన్నులున్నవి, కాళ్లు లేవు. రోగము రెండిండ్లకును దారి యెఱిగియున్నది.

పరీక్ష విషయమునను ఒక యన్యాయము కలదు. దానిపై మన వైద్యశాఖవారి దృష్టి బలముగా బడవలయును. గర్భిణియైన స్త్రీకి హెచ్.ఐ.వి. పరీక్ష చేయుట నేడు వాడుక. ఇది మంచి పని. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు వ్యాధి సంక్రమించుట నూటికి 15 మొదలు 45 వఱకు నుండగా, మందులు వాడినచో నది 5కు లోబడును. కాని యింటిలో మొదట పరీక్షింపబడునది భార్య. కావున మొదట బయటపడునదియు భార్యయే. ముందు తెలిసినదానినే ముందు పుట్టినదిగా దలచుట లోకస్వభావము. కోడలు రోగము దెచ్చినదని యత్తవారు, ఆమె కాలిడినంతనే కొడుకు మంచముపట్టెనని యిరుగుపొరుగు అందురు. భర్త గతించినచో నామెకు పుట్టినిల్లే గతి; అదియు తలుపు తీసినచో. భార్య పరీక్షకు వచ్చిననాడే భర్తను గూడ పిలిపించి, ఇద్దఱికి నొక్కమాఱే పరీక్ష చేసినచో ఈ నింద సగము తొలగును. ఇందులకు క్రొత్త ధన మక్కఱలేదు. మగవానిని ఆసుపత్రికి రప్పించు పట్టుదల యుండిన చాలును.

ఇట్లన్నంతమాత్రమున నిర్బంధ పరీక్షలను మేము కోరుచున్నామని తలపరాదు. పెండ్లికి ముందు అందఱికి నిర్బంధముగ పరీక్ష చేయవలెనని చెప్పువా రున్నారు. వారి యుద్దేశము మంచిదే కావచ్చును. ఆంగ్లప్రభుత్వము 1868లో సాంక్రమిక వ్యాధుల చట్టమను పేర, తన సైనికుల యారోగ్యము కొఱకు మన స్త్రీలను పట్టి పరీక్షించి ఆసుపత్రులలో నిర్బంధించినది, సైనికులనైతే విడిచిపెట్టినది. ఆ చట్టము 1888లో రద్దైనది. బలవంతపు పరీక్ష యెప్పుడును బలహీనురాలిమీదనే పడునని ఆ చరిత్ర చెప్పుచున్నది. పెండ్లినాడు లేని రోగము మఱునాడు రావచ్చుననియు మఱవరాదు. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్సు చట్టము సమ్మతి లేక పరీక్ష చేయరాదనియు, రోగి సంగతి వెల్లడింపరాదనియు, రోగియైనంతమాత్రమున నుమ్మడి యింటినుండి వెడలగొట్టరాదనియు శాసించినది. ఈ చివరి నిబంధన మన విధవలకు ప్రాణప్రదము. దాని నెఱిగిన గ్రామపెద్ద లెందఱు? ఎఱిగి పంచాయితీలో దాని నుదాహరించువా రెందఱు?

మందులమాట యెత్తినచో ఆనందింపవలసిన సంగతులే యధికము. 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఉచితముగ మందు లిచ్చుచున్నది. 2017 నుండి పరీక్షలో తేలినవెంటనే చికిత్స మొదలిడుచున్నారు. నెత్తురున క్రిమి కనబడనంతగా తగ్గినవానినుండి భార్యకు గాని భర్తకు గాని అది సోకదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. రాష్ట్రప్రభుత్వము ఈ మందులు వాడువారికి నెలనెల పింఛను నిచ్చుచున్నది. అయినను 2023 అంచనా ప్రకారము మన రాష్ట్రమున ఇంకను మూడులక్షలకు పైగా వ్యాధిగ్రస్తులున్నారు. మందు దినదినము వేసికొనవలయును. ఎడమైనచో క్రిమి మొండియగును. లంకలలో నివసించు రోగిణిని తలచుకొనుడు. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశము బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పాఱినప్పుడు కొల్లూరు లంకలు నీట మునిగినవి, పంటలు పోయినవి. మాత్రల డబ్బాను అత్తగారికి దెలియకుండ గోతాములో దాచుకొన్న స్త్రీ, పునరావాస శిబిరమున పదిమంది నడుమ దాని నెట్లు బయటికి దీయును? పెద్దాసుపత్రి కావలెనన్న తెనాలికో గుంటూరుకో పోవలయును. బస్సు ఛార్జీ, పోయిన కూలి, ఎక్కడికి బోవుచున్నావను ప్రశ్నకు చెప్పవలసిన యబద్ధము, ఈ మూడును ఆమె ప్రతిమాఱును భరింపవలసిన ఖర్చులు. మూడునెలల మందు నొక్కమాఱే చేతికిచ్చుట, వరద మాసములకు ముందుగనే మఱియొక నెల మందు చేర్చుట కష్టమైన పనులు కావు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా పాఠములు నేర్చుచు, సారా దుకాణము మూయించుటకు లేచిరి. 1995లో రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చుట కది నాందియైనది. ఆ నిషేధము నిలువలేదు. అది వేఱు కథ. పాఠము నేర్చిన స్త్రీలు పదిమంది యొకచోట గూడినప్పుడే నేర్చినది శక్తిగా మాఱినదని మాత్రము మేము గుర్తుచేయుదుము. ఒంటరిగ పెనిమిటి నడుగలేని మాటను పదిమంది కలిసి యూరినే యడిగిరి. నేడు మన పల్లెలన్నిటను పొదుపు సంఘములున్నవి, నెలనెల కూడుచున్నవి, అప్పులు, వడ్డీలు, కిస్తీలు చర్చించుచున్నవి. కొల్లూరు సంఘములును ఇందులకు మినహాయింపు కావు. ఆ సమావేశములలో నొక యరగంట, నర్సమ్మనో ఆశా కార్యకర్తనో కూర్చుండబెట్టి, తలుపు మూసి, ఈ వ్యాధిని గూర్చి మాటలాడుకొనవలెనని మా కోరిక. తొడుగు నడుగుట అనుమానము గాదు, ఆరోగ్యమని ఊరందఱు స్త్రీలు నొక్కమాఱుగ నన్నచో, ఏ యొక్కతెయు ఆ మాట తనదని చెప్పుకొననక్కఱలేదు. మగవారి సమావేశ మింకొకటి, అదేనాడు, రచ్చబండ వద్ద జరుగవలయును. పంచాయతి అధ్యక్షుడే మొదట చేయి చాచి నెత్తురు పరీక్ష చేయించుకొనవలయును.