ఒక్క బెర్తుకు వేల చేతులు
నాంపల్లి కిటికీ వెనుక కంప్యూటర్ల కథ

హైదరాబాద్: ఊరి బస్సు దిగి, అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు దాటి నాంపల్లి స్టేషన్‌కు నడిచే రైతుకు కావలసింది ఢిల్లీలో కొడుకు దగ్గరకు వెళ్లడానికి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక బెర్తు. కిటికీలో ఫారం ఇస్తాడు. గుమస్తా మీటలు నొక్కుతాడు. అదే క్షణాన అదే బెర్తును కాజీపేట కిటికీలో ఒకరు, ముంబయిలో సెల్‌ఫోన్ పట్టుకుని ఇంకొకరు అడుగుతుంటారు. ముగ్గురికీ ఇచ్చేస్తే?

పూర్వం ఈ పేచీ లేదు. రైలుకు, తేదీకి లెక్కపుస్తకం ఉండేది. ఒకరు రాస్తుంటే రెండోవారు ఆగాల్సిందే. కానీ పుస్తకం ఉన్న చోటే వరుస కట్టాలి. తిరుగు ప్రయాణానికి తంతి కొట్టి జవాబు కోసం కాచుకోవాలి.

1985లో ఢిల్లీలో సి.ఎం.సి. సంస్థ తయారుచేసిన కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్‌లకూ వచ్చింది. అయితే ఎవరి యంత్రం వారిదే. వీటిని కలపడానికి రైల్వేవారి 'క్రిస్' సంస్థ 'కాన్సర్ట్' పద్ధతిని సిద్ధం చేసి, 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే పెట్టింది. 1999లో అయిదూ ఒక్కటయ్యాయి.

ఒక్కటయ్యాయంటే లెక్కలన్నీ ఒకే గంపలో పోశారని కాదు. తెలివంతా అక్కడే ఉంది. ప్రతి రైలు లెక్కకూ ఒకే ఇల్లు. దక్షిణ మధ్య రైల్వే రైలుకు ఢిల్లీలో టిక్కెట్టు అడిగినా ప్రశ్న సికింద్రాబాద్‌కే రావాలి. అడగగానే ఆ లెక్కకు తాళం పడుతుంది. మొదటివారి పని ముగిశాకే రెండోవారికి తీస్తుంది. ఇదంతా రెప్పపాటులోనే. మధ్యలో తీగ తెగితే సగం పని మిగలకూడదు. టిక్కెట్టు ఇచ్చినట్టో, అసలు అడగనట్టో తేలిపోవాలి. ఒక కేంద్రం మొరాయిస్తే దాని రైళ్లకే చిక్కు, మిగతావి నడుస్తాయి.

2002లో ఇంటర్నెట్ టిక్కెట్లు వచ్చాక ఒత్తిడి ఎన్నో రెట్లు పెరిగింది. ముఖ్యంగా తత్కాల్ వేళ. ఏ.సి.కి ఉదయం 10, స్లీపర్‌కు 11 గంటలు. నాంపల్లి వరుసలో మొదట నిలబడ్డవారికీ వెయిటింగ్ లిస్టు రావచ్చు. గుమస్తాపై కేకలు వేసి లాభం లేదు. యంత్రానికి ఆ వరుస కనబడదు, ముందు చేరిన ప్రశ్నే కనబడుతుంది. చదువురానివారికి ఇది న్యాయమా అంటే చెప్పడం కష్టమే.

వరుసలో నిలబడేవారు ఫారంలో రైలు నంబరు, తేదీ, వయసు ముందే స్పష్టంగా రాయించుకుంటే మేలు. గుమస్తా అడిగి రాసుకునే అర నిమిషంలోనే బెర్తు ముంబయి చేతికి పోతుంది.