నక్షత్రసీమలో యుద్ధధర్మము

2003వ సంవత్సరమున ఐస్లాండు దేశపు సీసీపీ సంస్థ వెలువరించిన 'ఈవ్ ఆన్‌లైన్' అను కంప్యూటరు క్రీడలో వేలకొలది జనులు ఒకే కల్పితాకాశమున ఓడలు నడుపుదురు. అందు కూలిన ఓడ మరల రాదు. నెలల శ్రమ క్షణములో బూడిదయగును. కావున ఎప్పుడు కొట్టవచ్చునను విచారణ వారికి ముఖ్యము.

భద్రతాంకము 0.5 మొదలు 1.0 వఱకు గల సీమలలో అకారణముగ నొరుని గొట్టినవాని యోడను కాంకర్డు అను రక్షకదళము ధ్వంసము చేయును. అయితే అది దండించునే గాని ముందుగ నడ్డుకొనదు. తన చవుక యోడను బలియిచ్చి, ఎదుటివాని సరకుల యోడను గూల్చువారు గలరు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు వేఱొకటి. ఆ సీమలలోనే పరుల సొత్తు నపహరించినవాడు 15 నిమిషములు అనుమానితుడు. వానిని ఎవరైనను శిక్షాభయము లేక కొట్టవచ్చును. కాని కొట్టినంతనే వానికిని తిరిగి కొట్టు హక్కు కలుగును. అప్పుడు కాంకర్డు రాదు. కొందఱు కోరియే యనుమానితులై, బలమైన యోడతో కాచుకొని యుందురు.